నలభై ఎనిమిది కిలోలు

డాక్టరమ్మ ఆ రోజు చాలా మాటలు చెప్పింది. వాటిలో నాన్న చెవికెక్కింది ఒక్క అంకె.

రెండు రకాల కీమో అయిపోయింది. మొదటిది ఆరు నెలలు పనిచేసింది, రెండోది అసలు పనిచేయలేదు. కడుపులో గడ్డ మళ్ళీ పెరిగి, కాలేయం మీదికి కూడా పాకింది. ఇక మిగిలింది మూడో మందు. అది గట్టి మందు.

"ఇవ్వకూడదని కాదు," అంది డాక్టరమ్మ. చిన్న మనిషి, బల్ల వెనక కూర్చుంటే స్కూలు పిల్లలా కనిపిస్తుంది గానీ మాట మాత్రం తొణకదు, బెణకదు. "ఇస్తే కొందరికి రెండు మూడు నెలలు కలిసొస్తాయి. కొందరికి ఉన్న నెలలు కూడా పోతాయి. మీది ఏ దారో మందు ఎక్కించాక గానీ తెలీదు. ఒంట్లో ఓపిక లేనివాళ్ళకి మాత్రం ఇవ్వకూడదని ముందే తెలుసు."

"ఓపికంటే ఎంత?" అని అడిగాడు నాన్న.

డాక్టరమ్మ నవ్వింది. ఓపికకి కొలత అడిగిన మనిషి ఆమెకి అంతకుముందు తగిలినట్టు లేడు. "పగలంతా మంచం మీదే ఉండకూడదు. మీ కాళ్ళ మీద మీరు నడిచి రావాలి. రక్తం పరీక్షలు బాగుండాలి. బరువు ఇంకా తగ్గకూడదు. ఇవాళ నలభై ఏడున్నర ఉన్నారు. మూడు వారాల తర్వాత వచ్చినప్పుడు నలభై ఎనిమిది దాటి ఉంటే, అప్పుడు మాట్లాడుకుందాం."

"నలభై ఎనిమిది," అన్నాడు నాన్న, సరుకు పట్టీ రాసుకుంటున్నవాడిలా. ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పినవన్నీ పక్కన కూర్చున్న కూతురే వింది, ఆయన దేనికీ తలెత్తలేదు.

నాన్న బతుకంతా అంకెల మధ్యే గడిచింది. బస్టాండు వెనక సందులో కాటాలు బాగుచేసే కొట్టు ఆయనది. కూరగాయల వాళ్ళ చేతి త్రాసు మొదలుకుని గోడౌన్లలో బస్తాలు తూచే పెద్ద కాటాల దాకా ఆయన చేతిలో పడి బాగుపడనిది లేదు. చుట్టుపక్కల వాళ్ళంతా ముల్లు మాస్టారు అనేవారు. కాటా ముల్లు సున్నా మీద నిలబడకపోతే ఆయనకి ముద్ద దిగేది కాదు. ఒకసారి సొంత బావమరిది కొట్లో త్రాసు పళ్ళెం కింద ఇరవై గ్రాముల మైనం ముద్ద దొరికింది. "బావా, నువ్వు పెట్టిన ముల్లే కదా, చూసీచూడనట్టు పోతే ఏం పోయింది?" అన్నాడు బావమరిది. "ముల్లు పోయింది," అన్నాడు నాన్న. ఆ త్రాసుకి సీలు వేయకుండానే ఇంటికొచ్చాడు. రెండేళ్ళు ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. మధ్యలో నలిగింది అమ్మ. తమ్ముడు ఒకవైపు, మొగుడు ఒకవైపు. "ఇరవై గ్రాములకి నా పుట్టిల్లు తూగిపోయింది," అని ఇప్పటికీ అంటుంది.

పదేళ్ళ కిందట ముల్లు కాటాల కాలం పోయి, అంకెలు మెరిసే కాటాలు వచ్చాయి. వాటి లోపలి తీగలు నాన్నకి అంతుచిక్కలేదు. ఒక్కగానొక్క కూతురు నేర్చుకుంది. పెళ్ళయ్యాక కూడా రెండు వీధుల అవతలే కాపురం పెట్టి, కొట్టు తనే చూసుకుంటోంది. భర్త దూరం బస్సుల డ్రైవరు, వారంలో సగం రోజులు దారి మీదే ఉంటాడు. రోజంతా ఇరవై కిలోల తూకం రాళ్ళు ఎత్తి దించడం వల్ల ఆమె చేతులకి ఒక విద్య వచ్చేసింది. కళ్ళు మూసుకుని ఏదైనా చేతుల్లో పెడితే, అరకిలో అటూ ఇటూగా బరువు చెప్పేస్తుంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే నాన్న పని మొదలుపెట్టాడు. దాన్ని పని అనే అనాలి. పొద్దున ఆరింటికి గుడ్డు, ఎనిమిదింటికి పాలు, పదింటికి ఆసుపత్రి వాళ్ళిచ్చిన డబ్బాలోని పొడి కలిపిన నీళ్ళు, పన్నెండింటికి మెత్తగా కలిపిన అన్నం. ఆకలన్నది ఆయన మరిచిపోయి నాలుగు నెలలైంది. అయినా గంట చూసుకుని నోరు తెరిచేవాడు. రెండో చెంచాకి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నాలుగో చెంచాకి చెయ్యి అడ్డం పెట్టి కాసేపు ఆగేవాడు. "ఊఁ, పెట్టు," అని మళ్ళీ తెరిచేవాడు. సగం రోజులు అదంతా గంటలోపే బయటికొచ్చేసేది. అమ్మ గిన్నె కడిగి తెచ్చేలోపు ఆయన మూతి తుడుచుకుని, "గంటసేపు లోపల ఉంది కదా, అందులో ఎంతో కొంత ఒంటికి పట్టే ఉంటుందిలే," అనేవాడు.

పగలంతా మంచం మీద ఉండకూడదన్నారు కాబట్టి, వెనకా పక్కనా దిళ్ళు పెట్టించుకుని పేము కుర్చీలో కూర్చునేవాడు. కూర్చునే నిద్రపోయేవాడు. మెడ పక్కకి వాలి, చొంగ కారి, చొక్కా తడిసేది.

"పడుకో నాన్నా, ఎవరు చూడొచ్చారు?" అంటే, కళ్ళు తెరవకుండానే, "నేను మంచం మీద లేను కదా. డాక్టరమ్మ అడిగితే అదే చెప్పు," అనేవాడు.

వీధి గుమ్మం నుంచి పెరటి గోడ దాకా పదకొండు అడుగులు. మొదటి వారం అమ్మ భుజం పట్టుకుని అటూ ఇటూ నాలుగు సార్లు తిరిగాడు. మూడో వారానికి రెండు సార్లకే గోడకి ఆనుకుని నిలబడిపోతున్నాడు. పెరట్లో ఆయన పాత ముల్లు కాటా ఒకటుంది, మనిషి నిలబడి తూగేది. రోజూ పొద్దున దాని మీద ఎక్కేవాడు. ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"ఎంతుంది నాన్నా?"

"వస్తోంది, వస్తోంది."

కూతురు రోజూ కొట్టు తీసే ముందు వచ్చి ఆయనకి స్నానం చేయించేది. పీట మీద నుంచి చంకల కింద చేతులు వేసి పైకి లేపేటప్పుడు ఆయన బరువంతా ఆమె మీద పడేది. మొదటి వారం చేతులు ఒక మాట చెప్పాయి. రెండో వారం ఇంకో మాట చెప్పాయి. మూడో వారం ఆమె వాటి మాట వినడం మానేసింది. నీళ్ళలో తడిసిన ఒళ్ళు కదా, పట్టు జారుతోంది కదా, తూకం ఎలా తెలుస్తుంది అని తనకి తనే చెప్పుకుంది. కానీ ఆ వారంలోనే ఒకరోజు మధ్యాహ్నం కొట్లో ఇరవై కిలోల రాయి ఎత్తుతుంటే, ఇలాంటివి రెండూ పైన ఒక నాలుగైదు కిలోలూ కలిస్తే నాన్న అని చేతులు వాటంతటవే లెక్క కట్టేశాయి. రాయి కింద పెట్టి, గిరాకీ ఎదురుగా ఉండగానే లోపలికెళ్ళి మొహం కడుక్కొచ్చింది.

ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు ఆమె వచ్చేసరికి నాన్న స్నానమైపోయి, చొక్కా మీద కోటు కూడా తొడుక్కుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ మీ అమ్మ పోసింది," అన్నాడు. "నీకు ఆలస్యమవుతుందని."

"ఈ ఎండలో కోటెందుకు నాన్నా?"

"చలిగా ఉంది," అన్నాడు. నుదుటి మీద చెమట బొట్లున్నాయి. జబ్బు మనిషికి చలీ చెమటా కలిసే వస్తాయి కదా అనుకుని ఆమె ఊరుకుంది.

ఆసుపత్రి గుమ్మం దగ్గర చక్రాల కుర్చీ తోసుకొచ్చారు. నాన్న దానివైపు చూడలేదు. అమ్మ చెయ్యి ఒకవైపు, గోడ ఒకవైపు పట్టుకుని ఆ పొడుగాటి వరండా అంతా నడిచాడు. మధ్యలో మూడు చోట్ల ఆగాడు. ఆగిన ప్రతిసారీ గోడకున్న బోర్డు చదువుతున్నట్టు నటించాడు. చేతులు శుభ్రంగా కడుక్కోవాలన్న బోర్డు ముందు ఎంతసేపు నిలబడ్డాడంటే, అటుగా వెళ్తున్న ఆయా ఒకామె, "కొళాయి అటుపక్కన ఉందండీ," అని చూపించింది.

తూకం గదిలో సిస్టరు ఆయన్ని కాటా ఎక్కించింది. ఎర్ర అంకెలు ఊగి ఊగి నిలబడ్డాయి. నలభై ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు.

"భలే తాతయ్యా," అంది సిస్టరు. "మీరన్నంత పనీ చేశారు."

కూతురికి ముందు వచ్చింది మాత్రం సంతోషమే. ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ ఒక్క క్షణం ఆమెకి అబద్ధమనిపించలేదు. చేతులు మోసపోయాయి, నాన్న బరువు పెరిగాడు, మందు ఇస్తారు అనుకుంది. నవ్వుతూ అమ్మవైపు తిరిగింది. అమ్మ నేల చూస్తోంది.

సిస్టరు నాన్నని బెంచీ మీద కూర్చోబెట్టి కాగితాలు తేవడానికి వెళ్ళింది. అప్పుడు కూతురికి కాటా మీద అనుమానం వచ్చింది. కాటా సరిగ్గా లేదేమో, ఎవరూ చూసుకోలేదేమో. చెప్పులు విప్పి తనే ఎక్కింది. కొట్లో రోజుకి పదిసార్లు కాటాలు ఎక్కి దిగే మనిషి, తన బరువు తనకి తెలుసు. అరవై ఒకటీ రెండు వందలు. ఎర్ర అంకెలు ఊగి నిలబడ్డాయి. అరవై ఒకటీ రెండు వందలు.

కాటాలో ఏ తప్పూ లేదు.

ఆమె దిగి, చెప్పులు వేసుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళింది.

"అమ్మా, కోటు లోపల ఏముంది?"

అమ్మ తూకం గది తలుపువైపు ఒకసారి చూసింది. తర్వాత, "సీసం," అంది. "నడుముకి పట్టీ కుట్టమన్నారు, జేబులు పెట్టి. నలభై ఏళ్ళలో ఆయన అడిగింది ఏదీ కుట్టనని అనలేదు. ఇదీ కుట్టాను."

"ఎంత?"

"ఆయన్నే అడుగు. సరిగ్గా నలభై ఎనిమిది చూపిస్తే అనుమానం వస్తుందని ఇంకో నాలుగు వందలు కలిపారు."

"అమ్మా, మందు ఎంత ఎక్కించాలో బరువు చూసే లెక్క కడతారు. లేని బరువుకి మందు ఎక్కిస్తారు. అసలే మనిషి..."

"తెలుసు. ఆయనకీ తెలుసు," అంది అమ్మ. "నాకు చదువు లేదు గానీ ఆ మాత్రం తెలీదా? ఆయనకి ఆశ ఉంది. ఉండనీ. నువ్వు చూడలేదనుకో. నీకేం తెలీదనుకో."

లోపలి నుంచి సిస్టరు పిలిచింది.

డాక్టరమ్మ గదిలో కాగితాలు అప్పటికే బల్ల మీద ఉన్నాయి. "రక్తం బాగుంది. నడిచి వచ్చారట, సిస్టర్ చెప్పింది. బరువు కూడా..." అంటూ కంప్యూటర్లో అంకెలు కొడుతోంది. నాన్న కుర్చీ అంచున నిటారుగా కూర్చున్నాడు. పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడు కూడా అంత నిటారుగా కూర్చోడు. మొహంలో నెత్తురు లేదు, కానీ కళ్ళు వెలుగుతున్నాయి. ఆ వెలుగు చూసి కూతురు నోరు తెరవలేకపోయింది. డాక్టరమ్మ ఇంకో అంకె కొట్టింది. ఇంకోటి కొట్టింది.

"మేడమ్, ఒక్క నిమిషం," అంది కూతురు. "కోటు తీయించి ఇంకోసారి తూకం వేయండి."

నాన్న మెల్లిగా తల తిప్పి ఆమెవైపు చూశాడు. కోపం కాదు. పిల్లలు ఆటలో దొరికిపోయినప్పుడు మొహం ఎలా పడిపోతుందో అలా పడిపోయింది, డెబ్బై ఏళ్ళ మనిషి మొహం.

ఆయన్ని ఎవరూ కోటు తీయమనలేదు. తనే బొత్తాలు విప్పుకున్నాడు. ఒక్కో బొత్తానికి ఎంతో సేపు పట్టింది. నడుముకి కట్టుకున్న గుడ్డ పట్టీలోంచి సీసం పలకలు ఒక్కొక్కటే తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. అరకిలోవి ఏడు, మూడు వందల గ్రాములది ఒకటి. ప్రతి దాని మీదా మేకుతో బరువు గీసి ఉంది. వరసగా పేర్చి, ఆఖరిది కాస్త వంకరగా పడితే దాన్ని కూడా సరిచేశాడు.

డాక్టరమ్మ ఒక పలక చేతిలోకి తీసుకుని, బరువు చూసి కింద పెట్టింది. "ఇదంతా కట్టుకుని ఆ వరండా అంతా నడిచారా?"

"నడిచానమ్మా," అన్నాడు నాన్న. "అది లెక్కలోకి రాదా?"

డాక్టరమ్మ కుర్చీ ఇవతలికి లాక్కుని ఆయన మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. "మీ అసలు బరువు నలభై నాలుగున్నర. ఈ మందు ఇస్తే జబ్బుకంటే ముందు మందే మిమ్మల్ని తీసుకెళ్తుంది. వారమో, పది రోజులో. అది కూడా ఇంట్లో కాదు, ఇక్కడ, గొట్టాల మధ్య."

"నాకు ఇష్టమేనమ్మా. ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతాను."

"నాకు ఇష్టం లేదు," అంది డాక్టరమ్మ, చాలా మెల్లిగా. "చేయాలనుకున్న పని ఏదైనా మిగిలిందా? ఎవరైనా రావాలా, దేనికైనా ఎదురుచూస్తున్నారా? చెప్పండి. మందు లేకుండా అందుకు ఏం చేయగలమో చూద్దాం."

నాన్న ఆలోచించాడు. జవాబు కోసం బల్ల మీదా, కిటికీవైపూ వెతికాడు. "ఏం లేదు," అన్నాడు ఆఖరికి.

ఇంటికి కారులో వెళ్తున్నంతసేపూ కిటికీ అద్దానికి నుదురు ఆనించి కూర్చున్నాడు. ఇల్లు చేరాక, దిగడానికి కూతురు చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. "నువ్వు నా కూతురివా, తూనికల ఇన్‌స్పెక్టరువా?" అన్నాడు.

ఐదు రోజులు మాట్లాడలేదు. పొద్దున ఆమె వస్తే, "మీ అమ్మ పోస్తుంది" అన్న మాట కూడా అమ్మ చేతే చెప్పించాడు. ఆమె ముందుగదిలో కూర్చుని, లోపల చెంబు చప్పుడూ, అమ్మ ఆయాసమూ వింటూ ఉండేది. కొట్లో పని సాగేది కాదు. బాగుచేసిన కాటానే మళ్ళీ విప్పేది. ఇంటికొచ్చిన భర్త, "నువ్వు చేసింది సరైనదే," అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనబోతుంటే, "ఆ మాట ఇంక అనకు," అంది.

మూడో రోజు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే అమ్మ వెనకే వచ్చింది. కోపం చూపిస్తుందనుకుంది కూతురు. అమ్మ గడప మీద కూలబడింది.

"పట్టీ కుడుతున్నంతసేపూ నువ్వు రావాలని చూశాను," అంది. "నువ్వు చూస్తావు, అడుగుతావు, అప్పుడు ఆగిపోతుంది అనుకున్నాను. నా నోటితో నేను ఆయనకి వద్దని చెప్పలేకపోయాను. ఆసుపత్రిలో నువ్వు అడిగినప్పుడు చెప్పకుండా ఉండొచ్చు. చెప్పేశాను. నువ్వు డాక్టరమ్మ ముందు బయటపెడతావని తెలిసే చెప్పాను."

కూతురు ఆమెవైపు చూసింది. "తెలిసే చెప్పావా? మరి ఈ మూడు రోజుల నుంచీ..."

"ఆయనకి ఒకరైనా తనవైపు ఉన్నారనిపించాలి కదే," అంది అమ్మ. "ఇద్దరం ఒక్కటైతే ఆయన ఏమైపోతారు?"

కూతురికి చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే వీధి చివరిదాకా నడిచింది. అక్కడ నిలబడి, ఎటు వెళ్ళాలో తెలియక, మళ్ళీ వెనక్కొచ్చి, గడప మీద అలాగే కూర్చుని ఉన్న అమ్మని లేవదీసి లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చింది.

ఆరో రోజు పొద్దున అమ్మ వల్ల కాలేదు. పీట మీద నుంచి నాన్నని లేపబోయి, ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఒరిగిపోయి గోడకి ఆనుకుని ఉండిపోయారు. పిలుపు విని కూతురు పరిగెత్తింది. చంకల కింద చేతులు వేసి లేపింది. చేతులు వెంటనే బరువు చెప్పాయి. చెప్పొద్దన్నా చెప్పాయి. తుడిచి, చొక్కా తొడిగి, కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళబోతే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మంచం మీదే పడుకోబెట్టు. ఇంక ఎవరికి చూపించాలి," అన్నాడు.

పడుకోబెట్టి దుప్పటి కప్పింది. వెళ్ళబోతుంటే, "కూర్చో," అన్నాడు. ఆమె నేల మీద కూర్చుంది.

"డాక్టరమ్మ అడిగింది చూడు, ఏదైనా పని మిగిలిందా అని. అప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను. ఏం లేదు. కొట్టు నువ్వు చూసుకుంటున్నావు. మీ అమ్మని కూడా చూసుకుంటావు. ఎవరికీ ఏ మాటా బాకీ లేను. ఊరికే బతకాలని ఉందే అమ్మడూ. పొద్దున లేచి, వీధిలో పాలవాడి సైకిలు చప్పుడు వినాలని ఉంది. అంతకంటే ఏం లేదు. బతకాలని ఉండటానికి కూడా ఒక కారణం చూపించాలా?"

"అక్కర్లేదు నాన్నా."

"నువ్వు నోరు విప్పకపోతే ఏమయ్యేది?"

"మందు ఎక్కించేవాళ్ళు."

"ఎక్కించాక?"

ఆమె దుప్పటి అంచు సర్దింది.

"చచ్చిపోయేవాణ్ణి. తెలుసు," అన్నాడు. "కానీ ఆ నాలుగు రోజులూ బతుకుతాననుకుంటూ ఉండేవాణ్ణి. ఇప్పుడు అదీ లేదు."

"తప్పు చేశానా నాన్నా?"

ఆయన పైకప్పువైపు చూశాడు. "తప్పు తూకం నాది," అన్నాడు. "నువ్వు ఉన్నదే చెప్పావు. నేనైనా అదే చేసేవాణ్ణి, అవతల ఎవరున్నా సరే. అది నాకు తెలుసు. అయినా నీ మీద కోపం పోవట్లేదు. పోతుందో లేదో, పోయేదాకా ఉంటానో లేదో."

"ఉండనీ నాన్నా. కోపంగానే ఉండు. నేను మాత్రం రోజూ వస్తాను."

"రా మరి," అన్నాడు కళ్ళు మూసుకుని. "మీ అమ్మ నీళ్ళు మరీ సలసలా కాచి పోస్తోంది. నన్నేమైనా ఉడకబెడుతుందా ఏంటి?"

ఆ తర్వాత ఆయన ఏడు వారాలు ఉన్నాడు. ఆసుపత్రి నుంచి వారానికి రెండుసార్లు ఒక నర్సు ఇంటికి వచ్చి నొప్పి మందు ఇచ్చి వెళ్ళేది. గంట చూసి తినిపించడం మానేశారు. అడిగినప్పుడు రెండు చెంచాల చల్లటి పాలు, అంతే. అవి కడుపులో నిలిచేవి. మొదటి రెండు వారాలు ఎంత తేలిగ్గా గడిచాయంటే, కూతురికి కొత్త భయం పట్టుకుంది. ఇంత బాగున్న మనిషికి మందు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో, తట్టుకునేవాడేమో అని. ఆ భయం నాన్నకీ వచ్చినట్టుంది. ఒకరోజు మధ్యాహ్నం, "డాక్టరమ్మకి ఫోను చెయ్యి," అన్నాడు. చేసి ఇచ్చింది. ఆయన పది నిమిషాలు మాట్లాడాడు. పాలు నిలుస్తున్నాయనీ, నిన్న తనంతట తనే ఒత్తిగిలాననీ, వాంతి లేదనీ అన్నీ చెప్పుకున్నాడు. అవతలి మాటలు వింటూ ఊఁ, ఊఁ అన్నాడు. ఫోను తిరిగి ఇచ్చేస్తూ, "అదే మాట చెప్పింది. కానీ ఓపిగ్గా చెప్పింది," అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు ఇంకేమీ అడగలేదు.

కోపం పోయిందో లేదో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు. రోజూ వచ్చేది, ఒళ్ళు తుడిచేది, కొట్టు సంగతులు చెప్పేది. వాటిలో ఆయన ఏదో ఒకటి సరిదిద్దేవాడు. కొన్ని రోజులు ఆమె చెయ్యి తన చేతిలో ఉంచుకునేవాడు. కొన్ని రోజులు ఆమె పట్టుకుంటే తన చెయ్యి మెల్లిగా తీసేసుకునేవాడు. ఏ రోజు ఎలా ఉంటుందో గుమ్మంలో అడుగు పెట్టేదాకా తెలిసేది కాదు. ఆరో వారానికి మాటలు తగ్గిపోయాయి. నర్సు అమ్మని పక్కకి పిలిచి ఇంక రోజులే అని చెప్పింది.

ఆఖరి రోజు పొద్దున ఆమె వచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని తడిగుడ్డతో ఆయన పెదాలు తడుపుతోంది. నీళ్ళు కాచలేదు. ఊపిరి ఒకటి తీసుకుంటే ఇంకోటి రావడానికి చాలాసేపు పడుతోంది. ఆమె రెండో పక్కన కూర్చుంది. కాసేపటికి నాన్న కళ్ళు తెరిచి ఆమెని చూశాడు. గుర్తుపట్టాడు.

"కొట్టు తీయలేదా?" అన్నాడు.

"తీస్తాను నాన్నా."

"టైమైంది," అన్నాడు.

ఆమె లేవలేదు. బయట వీధిలో జనం పనులకి వెళ్తున్నారు, ఎవరో ఎవర్నో పేరు పెట్టి పిలుస్తున్నారు. పది కావస్తుండగా, వస్తుందనుకున్న ఊపిరి రాలేదు. అమ్మా ఆమే ఇంకా కాసేపు ఎదురుచూశారు. అమ్మ ముందు తెలుసుకుంది. గుడ్డ గిన్నెలో పెట్టి, కొంగుతో ఆయన మొహం తుడిచి, జుట్టు సర్దింది.

వచ్చినవాళ్ళు వచ్చారు, జరగాల్సినవన్నీ జరిగాయి. మర్నాడు ఇంకా చీకటుండగానే ఆమెకి రోజూ లేచే వేళకే మెలకువ వచ్చింది. ఏ పనీ లేదని తెలిసి కూడా కాళ్ళు అమ్మవాళ్ళ ఇంటివైపే నడిచాయి. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల అమ్మ, కట్టుకున్న చీర కూడా మార్చకుండా, ఆ మంచం మీదే ఒక పక్కగా ముడుచుకుని నిద్రపోతోంది. ఎన్ని నెలల తర్వాత పట్టిన నిద్రో. ఆమె చప్పుడు చేయకుండా పక్కన నేల మీద కూర్చుంది. ఏడుపు ఆగలేదు. అమ్మ లేస్తుందని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తెల్లగా తెల్లవారేదాకా ఏడుస్తూనే ఉంది.